ఇంటి ఖర్చు, గడువు: లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా పద్ధతిలో కడితే ఖర్చు ఇరవై శాతం తగ్గుతుందని, ఫలానా టెక్నాలజీతో సగం రోజుల్లోనే తాళాలు చేతికిస్తామని చెప్పే ప్రకటనలు పత్రికల స్థిరాస్తి పేజీల్లో ఈమధ్య బాగా పెరిగాయి. పిల్లర్లు, బీముల పద్ధతికి కాలం చెల్లిందని, షియర్ వాల్ (కాంక్రీటు గోడలే భవనాన్ని మోసేది) లేదా ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చిన కాంక్రీటు భాగాలను బిగించేది) లేదా స్టీలు పద్ధతే ఇక దిక్కని ఆ ప్రకటనలు సూచిస్తాయి. భవనాల స్ట్రక్చరల్ డిజైన్ వృత్తిగా బతికినవాడిగా ఈ పోలికలను చూసి నేను కలవరపడుతున్నాను. ఈ పద్ధతుల్లో ఏదీ చెడ్డదని నా ఉద్దేశం కాదు. ప్రతి దానికీ సరిపడే చోటు ఉంది. అయితే పోల్చేటప్పుడు రోజుల లెక్క ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఆగింది, చదరపు అడుగు రేటులో ఏవి కలిశాయి, ఏవి కలవలేదు అన్నది చెప్పకుండా చూపే అంకెలు సామాన్య కొనుగోలుదారునే కాక మునిసిపాలిటీలను, ప్రభుత్వ శాఖలను కూడా పక్కదారి పట్టిస్తున్నాయి.

గడువు విషయమే ముందుగా తీసుకుంటాను. చైనాలోని చాంగ్‌షాలో 2021లో ఒక పదంతస్తుల భవనాన్ని 28 గంటల 45 నిమిషాల్లో నిలబెట్టిన వీడియోను చాలామంది చూసే ఉంటారు. మన దేశంలోనే మొహాలీలో 2012 చివర్లో పదంతస్తుల భవనాన్ని 48 గంటల్లో లేపారు. ఈ రెండు చోట్లా గంటల్లో జరిగింది బిగింపు పని మాత్రమే. ఆ విడిభాగాలు ఫ్యాక్టరీలో తయారైన కాలం, డిజైన్‌కు పట్టిన కాలం, పునాది సిద్ధం చేసిన కాలం ఆ గంటల్లోకి రాలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ బెంగళూరుది. యుద్ధ విమానాల ఫ్లైట్ కంట్రోల్ వ్యవస్థల కోసం రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ అక్కడ సుమారు 1.3 లక్షల చదరపు అడుగుల ఏడంతస్తుల భవనాన్ని 45 రోజుల్లో పూర్తి చేసినట్లు ప్రకటించింది. 2022 మార్చి 17న దానిని ప్రారంభించారు. సాధారణ కాంక్రీటు పనిని, ముందే తయారైన స్టీలు, ప్రీకాస్ట్ భాగాలను కలిపి కట్టిన మంచి భవనం అది. దానికి శంకుస్థాపన 2021 నవంబరు 22న జరిగింది. అసలు నిర్మాణం ఫిబ్రవరి 1న మొదలైందని లెక్కించి 45 రోజులన్నారు. శంకుస్థాపన నుంచి లెక్కిస్తే దాదాపు నాలుగు నెలలు. నాలుగు నెలల్లో ఏడంతస్తులు కట్టడం కూడా గర్వించదగ్గ విషయమే, అందులో సందేహం లేదు. కానీ ఆ భవనాన్ని చూపించి, మన ఊరి మార్కెట్ యార్డునో జూనియర్ కళాశాలనో 45 రోజుల్లో కట్టాలని ఎవరైనా టెండరు పిలిస్తే, ఆ టెండరు నడవదు.

ఖర్చు పోలికల్లోని చిక్కును చూపడానికి కేంద్ర ప్రభుత్వం చేపట్టిన లైట్ హౌస్ ప్రాజెక్టుల కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆరు నగరాల్లో ఆరు వేర్వేరు పద్ధతుల్లో, ఒక్కోచోట వెయ్యికి కాస్త అటూ ఇటూగా ఇళ్లు కట్టాలని 2021 జనవరి 1న శంకుస్థాపన చేశారు. చెన్నైలో ప్రీకాస్ట్ పద్ధతిలో 1,152 ఇళ్లకు ప్రకటించిన వ్యయం సుమారు 116 కోట్లు. రాజ్‌కోట్‌లో గోడలు, స్లాబు కలిపి ఒకే అచ్చులో పోసే టన్నెల్ ఫార్మ్ పద్ధతిలో 1,144 ఇళ్లకు సుమారు 119 కోట్లు. అగర్తలాలో స్టీలు పద్ధతిలో 1,000 ఇళ్లకు సుమారు 162 కోట్లు. ఇంటికి ఎంత పడిందని భాగిస్తే చెన్నైలో 10 లక్షలు, అగర్తలాలో 16 లక్షలు వస్తుంది. దీన్నిబట్టి ప్రీకాస్ట్ చవక, స్టీలు ఖరీదు అని ఎవరైనా తేల్చేస్తే అది పెద్ద పొరపాటు. 2016 నాటి భూకంప ప్రమాణం ప్రకారం అగర్తలా తీవ్రత అత్యధికంగా ఉండే ఐదో జోన్‌లో ఉంది. అక్కడికి సామగ్రి చేరాలంటే రవాణా భారం వేరు. చెన్నైలో భవనం ఎత్తు ఆరు అంతస్తులే, రాజ్‌కోట్‌లో పద్నాలుగు. నేల వేరు, కూలి వేరు, గాలి వేరు. ఈ ప్రాజెక్టుల లక్ష్యం పన్నెండు నెలలు. చెన్నై ఇళ్లు 2022 మే 26న, రాజ్‌కోట్ ఇళ్లు అదే ఏడాది అక్టోబరులో ప్రారంభమయ్యాయి. లక్నో, రాంచీ ఇళ్ల ప్రారంభం 2024 మార్చి వరకు ఆగింది. నడుమ కోవిడ్ రెండో విడత ఉధృతి కూడా ఉంది కనుక ఈ ఆలస్యాన్ని ఆయా పద్ధతుల మీదకే నెట్టడం న్యాయం కాదు. ప్రయోగంగా చాలా విలువైన పని ఇది. అయితే ఒకే ప్లాను, ఒకే ఎత్తు, ఒకే నేల మీద రెండు పద్ధతులను పక్కపక్కన కట్టి చూసి ఉంటే ఆ విలువ ఎన్నో రెట్లు పెరిగేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా నడుస్తున్న పిల్లర్లు, బీముల పద్ధతి సంగతి. ఇది నిదానమైన పద్ధతి అన్న మాటలో నిజం ఉంది కానీ ఆ నిదానం ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. కాంక్రీటు నిర్మాణాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లకు మించని స్లాబు కింద ఆసరా జాకీలను ఏడు రోజులు, ఆ దూరం అంతకంటే ఎక్కువైతే పద్నాలుగు రోజులు ఉంచాలి. బీముల కింద ఆరు మీటర్ల వరకు పద్నాలుగు రోజులు, అది దాటితే ఇరవై ఒక్క రోజులు ఉంచాలి. ఇవి సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పిన రోజులు. నేడు మనం ఎక్కువగా వాడే ఫ్లైయాష్, స్లాగ్ కలిసిన సిమెంట్లు తొలిరోజుల్లో నెమ్మదిగా గట్టిపడతాయి కనుక ఇంకొంత ఆగవలసి రావచ్చు. దీని అర్థం పై అంతస్తు పని అన్ని రోజులూ ఆగాలని కాదు. కింది జాకీలను కదపకుండా పై అంతస్తుకు వేరే సెంట్రింగ్ సామాను ఉంటే పని సాగుతూనే ఉంటుంది. మన చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది దగ్గర ఒక్క సెట్టు సామానే ఉంటుంది. కింద విప్పితే తప్ప పైన కట్టలేరు. అందువల్ల నెలకొక స్లాబు పడటమే గగనమవుతుంది. రెండో సెట్టు అద్దెకు తెచ్చుకుంటే అదే భవనం, అదే పద్ధతి, అదే మేస్త్రితో స్లాబుకు పదిహేను రోజుల దగ్గరకు వస్తుంది. ఇంటి యజమానులు ఒప్పందంలో చదరపు అడుగు రేటు కోసం రోజుల తరబడి బేరమాడతారు కానీ సెంట్రింగ్ సామాను ఎన్ని సెట్లు దింపుతారని అడిగినవారిని నేను చాలా అరుదుగా చూశాను. రోజులు మిగిల్చుకోవాలనే తొందరలో జాకీలు ముందే లాగేయడం కూడా జరుగుతోంది. ఆ తొందర వల్ల కంటికి వెంటనే కనిపించని సన్నని పగుళ్లు, స్లాబు కుంగుళ్లు వస్తాయి. వాటి మరమ్మతు ఖర్చు ఏ పోలిక పట్టికలోనూ కనిపించదు.

షియర్ వాల్ పద్ధతిలో గోడలు, స్లాబు రెండింటినీ అల్యూమినియం పలకల్లో ఒకేసారి పోస్తారు. పలకలు విప్పినా స్లాబు కింది జాకీలు అలాగే నిలిచి ఉండేలా ఆ వ్యవస్థ ఉంటుంది కనుక మరునాడే పలకలను పై అంతస్తుకు అందించుకుంటారు. అలవాటుపడిన ముఠా వారానికొక అంతస్తు వేయగలదు. ఇటుక పని లేదు, ప్లాస్టరింగు దాదాపు ఉండదు. అయితే దీని ఆర్థికమంతా పలకలను ఎన్నిసార్లు తిరిగి వాడతామన్న దాని మీద నడుస్తుంది. లెక్క కోసం ఒక సెట్టు ఖరీదు కోటి రూపాయలు అనుకుందాం. దానితో వంద సార్లు పోస్తే ఒక్కోసారికి లక్ష పడుతుంది. పది సార్లే పోసి పక్కన పెడితే పది లక్షలు పడుతుంది. ఒకే నమూనా ఇళ్లు వందల్లో ఉన్న కాలనీకి, పాతిక అంతస్తుల టవర్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఐదంతస్తుల ఒంటరి అపార్ట్‌మెంటుకు, అందులోనూ ఒక్కో అంతస్తుకు ఒక్కో ప్లాను కోరుకునే భాగస్వాములున్న చోట, ఇది డబ్బు దండగ. పైగా మొదటి కాంక్రీటు పోసేలోగా కరెంటు పైపులు, నీళ్ల పైపులు, ఏసీ రంధ్రాలు సహా ప్రతిదీ కాగితం మీద ఖరారు కావాలి. ఆ ఖరారుకు రెండు మూడు నెలలు పడుతుంది. వారానికొక అంతస్తు అని చెప్పేవారు ఆ నెలలను చెప్పరు. తర్వాత గోడ తీసి కిటికీ పెట్టుకుంటామన్నా వీలుకాదు, ఎందుకంటే భవనాన్ని మోసేది ఆ గోడే. వేడి సంగతి కూడా ఉంది. కాంక్రీటు ఇటుక కంటే సుమారు రెట్టింపు వేగంతో వేడిని లోపలికి పంపుతుంది. పల్నాడులోనో ఖమ్మంలోనో మే నెలలో పల్చని కాంక్రీటు గోడల గదిలో పడుకునేవారికి ఆ తేడా ప్రతి రాత్రీ తెలుస్తుంది. నెలనెలా కరెంటు బిల్లులో కట్టే ఈ ఖర్చు కూడా నిర్మాణ పద్ధతి ఖర్చే. అలాగని పల్చని గోడల వల్ల లోపలి వాడకపు స్థలం పెరుగుతుందన్న లాభాన్నీ కాదనలేం.

ఈ పద్ధతిని భారీ ఎత్తున వాడిన అనుభవం ఆంధ్రప్రదేశ్‌కు ఉంది. పట్టణ పేదల కోసం ఉద్దేశించిన టిడ్కో ఇళ్లను 300, 365, 430 చదరపు అడుగుల నమూనాల్లో, నేల అంతస్తు మీద మరో మూడు అంతస్తులతో, షియర్ వాల్ పద్ధతిలోనే కట్టారు. ఒకే నమూనా వేల సంఖ్యలో ఉన్నందున పద్ధతి ఎంపిక సరైనదే. స్లాబులు నిజంగానే వేగంగా పడ్డాయి. కానీ తాగునీరు, మురుగునీటి పారుదల, రోడ్లు, కరెంటు పనులు దానితో సమానంగా సాగక, చాలాచోట్ల పూర్తయిన గోడలు ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. లబ్ధిదారులు ఒకవైపు వాటా సొమ్ము కట్టి, మరోవైపు అద్దె ఇళ్లలోనే కొనసాగారు. స్లాబు పడిన తేదీని లెక్కిస్తే అది రాష్ట్రంలోకెల్లా వేగవంతమైన నిర్మాణాల్లో ఒకటి. గృహప్రవేశం తేదీని లెక్కిస్తే ఊళ్లో మేస్త్రి ఇటుకలతో కట్టిన ఇల్లు దానికంటే చాలా ముందు పూర్తయింది. 2019లో ఇసుక కొరత వల్ల రాష్ట్రమంతటా పనులు నిలిచిపోయినప్పుడు కూడా ఏ పద్ధతి అన్నదానితో నిమిత్తం లేకుండా అన్ని సైట్లూ ఆగాయి. అమరావతిలో సచివాలయ టవర్ల పునాదులు ఏళ్లపాటు నీటిలో ఉండిపోయి, 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి వాటి పటిష్ఠతను పరీక్షించవలసి వచ్చింది. ఆ టవర్లకు ఎంచుకున్న స్టీలు డయాగ్రిడ్ (ఏటవాలు దూలాల అల్లిక) వ్యవస్థ వేగానికి పేరున్నదే.

నేల గురించి చెప్పకుండా ఖర్చు గురించి మాట్లాడటం నా వృత్తిలో తప్పు. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది. విడివిడి ఫుటింగులు సరిపోతాయి కనుక భవనం బరువు ఎంతైనా పునాది ఖర్చు మరీ పెరగదు. అక్కడ డబ్బు పోయేది సెల్లార్ల కోసం రాయి పగలగొట్టడానికి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడిలో, డెల్టా మెత్తని మట్టిలో పరిస్థితి తలకిందులు. అక్కడ చాలాచోట్ల రాఫ్టో (భవనం కిందంతా పరిచే కాంక్రీటు పలక) పైల్సో (లోతుగా దింపే స్తంభాలు) తప్పవు. పైన ప్రతి టన్ను బరువు తగ్గితే కింద డబ్బు మిగులుతుంది. అందువల్ల అక్కడ స్టీలు చట్రమో, తేలికైన దిమ్మల గోడలో చదరపు అడుగు రేటులో ఎక్కువగా కనిపించినా పునాదితో కలిపి చూస్తే తేడా తగ్గిపోవచ్చు, కొన్నిచోట్ల తిరగబడనూ వచ్చు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు సుమారు 450 కిలోలు తూగుతుంది. ఎనిమిది అంగుళాల ఏఏసీ (గాలి బుడగలతో తేలికైన కాంక్రీటు) దిమ్మల గోడ దానిలో మూడో వంతు కూడా ఉండదు. అంటే అస్థిపంజరం ఏదన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, మధ్యలో నింపే గోడ ఏదన్న ప్రశ్నకూ అంత విలువ ఉంది. దీనికి భూకంపం లెక్క కూడా తోడవుతుంది. 2016 నాటి భూకంప ప్రమాణం ఐఎస్ 1893 ప్రకారం హైదరాబాద్ రెండో జోన్‌లో, విజయవాడ మూడో జోన్‌లో ఉన్నాయి. భూకంప బలాన్ని లెక్కించే జోన్ గుణకం హైదరాబాద్‌కు 0.10, విజయవాడకు 0.16. అదే బరువున్న అదే భవనం మీద విజయవాడలో 1.6 రెట్ల భూకంప బలాన్ని లెక్కించాలి. హైదరాబాద్‌లో ఒక బిల్డర్ చూపిన చదరపు అడుగు రేటును విజయవాడ బిల్డర్ మీద ఒత్తిడి చేయడానికి వాడుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించవచ్చు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద గోడలు లేని పార్కింగ్ అంతస్తే ఉంది. మన పట్టణాల్లో నేడు దాదాపు ప్రతి అపార్ట్‌మెంటుకూ ఆ అంతస్తు ఉంది. కింది అంతస్తులో కొన్ని షియర్ గోడలు చేర్చడానికి అయ్యే ఖర్చును కోసివేసి రేటు తగ్గించామని చెప్పే ఎస్టిమేటును చవక అనడం న్యాయం కాదు.

ప్రీకాస్ట్, స్టీలు పద్ధతుల గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రీకాస్ట్‌కు యార్డు ఎంత దూరంలో ఉంది, సైటులో క్రేను తిరగడానికి చోటుందా, అతుకుల పని చూసే నిపుణుడు ఉన్నాడా అన్నవి నిర్ణాయకాలు. 1968లో లండన్‌లోని రోనన్ పాయింట్ భవనంలో ఒక చిన్న గ్యాస్ పేలుడుకే ఒక మూల అంతస్తులన్నీ వరసగా కూలడానికి పలకల అతుకుల బలహీనతే కారణమని తేలింది. అందుకే అక్కడ మిగిల్చుకునే రోజుల్లో కొన్నింటిని పర్యవేక్షణకు ఖర్చు పెట్టాలి. స్టీలు గోదాములకు, ఫ్యాక్టరీ షెడ్లకు ఎదురులేనిది. ఇళ్ల విషయానికి వస్తే అగ్ని రక్షణ పూతలు, కాకినాడ, విశాఖ వంటి తీర ప్రాంతాల్లో తుప్పు నివారణ పూతలు, వాటి నిర్వహణ కలిపి లెక్క వేయాలి.

సొంతంగా ఒకటి రెండు అంతస్తుల ఇల్లు కట్టుకునే మధ్యతరగతివారి సంగతి ఈ చర్చల్లో పూర్తిగా మరుగునపడుతోంది. గట్టి నేల మీద రెండంతస్తుల ఇంటికి గోడలే బరువు మోసే పద్ధతి ఐఎస్ 1905 నియమాల ప్రకారం డిజైన్ చేసి, పునాది, లింటల్, కప్పు మట్టాల్లో కాంక్రీటు పట్టీలు వేస్తే, అది చవకైనదీ త్వరగా అయ్యేదీ. ముందు గోడలు కట్టి, ఆ గోడల మధ్య వదిలిన ఖాళీల్లో సన్నని కాంక్రీటు స్తంభాలు పోసే పద్ధతి ఇంకా మెరుగైనది. గుజరాత్‌లో భూకంప ప్రాంతంలోని ఐఐటీ గాంధీనగర్ తన ప్రాంగణంలోని నివాస భవనాలను ఆ పద్ధతిలో కట్టుకుంది. మన దగ్గర మాత్రం పిల్లర్లు లేని ఇల్లు గట్టిది కాదన్న నమ్మకం పాతుకుపోయి, ఒక్క అంతస్తు ఇంటికి కూడా తొమ్మిది పన్నెండు పిల్లర్లు వేసి, మళ్లీ వాటి మధ్య మోత అవసరం లేని తొమ్మిది అంగుళాల గోడలు కడుతున్నారు. మోయగలిగిన గోడకు, మోసే పిల్లరుకు రెండింటికీ డబ్బు చెల్లిస్తున్నాం. ఒక కుటుంబం ఏళ్ల పొదుపు ఇలా వృథా అవుతుంటే ఇంజనీర్లమైన మేము గట్టిగా చెప్పకపోవడం విచారకరం.

ఫ్లాటు కొనేవారికి ఒక లెక్క చెప్పదలచాను. అపార్ట్‌మెంటు నిర్మాణ ఖర్చులో పునాది, చట్రం, స్లాబుల వాటా సగానికి లోపే ఉంటుంది. అందువల్ల చట్రంలో పది శాతం మిగిలినా మొత్తం మీద మిగిలేది నాలుగైదు శాతమే. కాలం విలువ దీనికంటే పెద్దది కావచ్చు. 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు 40 లక్షల అప్పు మొత్తం విడుదలైందనుకుంటే, తొమ్మిది శాతం చొప్పున నెల వడ్డీ 30,000 రూపాయలు. ఉంటున్న ఇంటి అద్దె 12,000 అనుకుంటే ఆరు నెలలకు రెండూ కలిపి 2,52,000. చదరపు అడుగుకు 210 రూపాయలు. కాబట్టి అడుగుకు వంద రూపాయలు ఎక్కువైనా ఆరు నెలల ముందు నిజంగా తాళాలిచ్చే పద్ధతి కొనుగోలుదారుకు లాభమే. ఇందులో కీలకం నిజంగా తాళాలివ్వడం. చట్రం ఆరు నెలలు ముందు లేచి, లిఫ్టు, అగ్నిమాపక అనుమతి, నివాస ధ్రువపత్రం ఎప్పటిలాగే ఆలస్యమైతే, ఆ వంద రూపాయలూ పోయినట్లే, వడ్డీ కూడా పోయినట్లే.

ఈ నేపథ్యంలో రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. పోలికకు కావలసిన సమాచారం బయటి నుంచి తేవలసిన అవసరం లేదు, అది మన శాఖల బీరువాల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో కాలనీలు, తెలంగాణలో 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు సముదాయం, అవే సంవత్సరాల్లో పిల్లర్ల పద్ధతిలో కట్టిన పాఠశాలలు, ఆసుపత్రులు, వసతి గృహాలు ఉన్నాయి. ప్రతి దానికీ ఒప్పందం తేదీ, పునాది పూర్తయిన తేదీ, చివరి స్లాబు తేదీ, తొలి కుటుంబం చేరిన తేదీ విడివిడిగా ప్రకటించాలి. టెండరు రేటుతో పాటు తుది బిల్లును, అందులో పునాది, చట్రం, ముగింపు పనులు, బయటి సదుపాయాల వాటాలను, చదరపు అడుగుకు వాడిన సిమెంటు, స్టీలు పరిమాణాలను వేరుగా చూపాలి. నేల రకం, భూకంప జోన్, అంతస్తుల సంఖ్య పక్కనే రాయాలి. ఐదేళ్ల తర్వాత చెమ్మ, పగుళ్లు, మరమ్మతుల వివరాలను కూడా జతచేస్తే ఇంకా మంచిది. ఇకమీదట పిలిచే పెద్ద టెండర్లలో ఒకే ప్లానుకు కనీసం రెండు పద్ధతుల్లో డిజైన్, అంచనా చేయించి, ఏది ఎందుకు ఎంచుకున్నారో ఫైలులో రాయడాన్ని తప్పనిసరి చేయాలి. రెండో డిజైన్‌కు అయ్యే ఫీజు ప్రాజెక్టు వ్యయంలో ఎంతో స్వల్పం. స్థిరాస్తి నియంత్రణ సంస్థలు కూడా, నిర్మాణ పద్ధతి పేరు చెప్పి గడువును ప్రచారం చేసే బిల్డర్లు ఆ గడువు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో ప్రకటనలోనే ముద్రించాలని నిబంధన పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు,
గుంటూరు